అక్ల్‌ని తూచే తరాజు



పోయిన జుమ్మా నమాజ్ అయ్యాక ఇంటికొచ్చేసరికి మా దూరపు చుట్టం ఒక ఆపా వచ్చి కూర్చుని ఉంది. చేతిలో మూడు పేజీల రిపోర్టు. ఎనిమిదేళ్ల కొడుకు చదువులో వెనకపడుతున్నాడని, ఒకసారి తెలివితేటల పరీక్ష చేయించమని స్కూలువాళ్లు చెప్పారట. చేయించింది. రిపోర్టు చివర లావు అక్షరాల్లో ఒక అంకె ఉంది. 68.

"నూటికి అరవై ఎనిమిదంటే పాసే కదా భాయ్? మరి టీచరమ్మ ఎందుకట్ల మొహం పెట్టింది?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు రాలేదు. అది నూటికి వేసిన మార్కు కాదు. ఆ వయసు పిల్లలందరి మధ్య ఈ పిల్లాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పే అంకె. 100 అంటే సరిగ్గా నడిమధ్య. నూరుమంది పిల్లల్లో సుమారు 68 మంది 85కీ 115కీ నడుమ ఉంటారు. 70 కంటే కింద ఉండేది ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఇదంతా మెల్లగా చెప్పాను. ఆపా దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "అయితే నా బేటా జిందగీ అంతా ఇంతేనా?" అంది.

"పరీక్ష ఏ జబానులో పెట్టారు ఆపా?" అన్నాను.

"ఇంగ్లీషులో. ఇంట్లో మన ఉర్దూయే కదా, గల్లీలో తెలుగు. ఇంగ్లీషు స్కూల్లో చేరి రెండేళ్లు కూడా కాలేదు."

ఆపా అడిగిన సవాలుకి జవాబు కావాలంటే ఈ అంకె ఎక్కడ పుట్టిందో, ఎవరి చేతుల్లోంచి మన దాకా వచ్చిందో తెలియాలి. ఈ తారీఖు నూట ఇరవై ఏళ్లది. ఇందులో ఇన్సాఫ్ ఉంది, జుల్మ్ కూడా ఉంది.

పారిస్‌లో మొదలైన నియ్యత్

ఆల్ఫ్రెడ్ బినె ఫ్రాన్స్ దేశస్థుడు. 1857లో నీస్ పట్టణంలో పుట్టాడు. ఆయన జమానాలో పెద్ద పెద్ద ఆలిమ్‌లు సైతం పుర్రె చుట్టుకొలతని బట్టి అక్ల్‌ని లెక్కగట్టేవాళ్లు. బినె కూడా కొన్నాళ్లు పిల్లల తలలు కొలిచాడు. చదువులో ముందున్న పిల్లల తలలకీ, వెనకబడ్డ పిల్లల తలలకీ చెప్పుకోదగ్గ ఫరక్ కనిపించలేదు. పైగా తన మనసులో ముందే ఉన్న అభిప్రాయం తన కొలతల్ని తెలియకుండానే అటూ ఇటూ లాగుతోందని ఆయనకే షక్ వచ్చింది. ఆ దారి వదిలేశాడు. తన చెయ్యి తరాజుని వంచుతోందేమో అని తననే తాను అనుమానించుకున్న మనిషి ఆయన.

1904లో ఫ్రాన్స్ విద్యాశాఖ ఒక కమిషన్ వేసింది. మామూలు బడిలో మామూలు పద్ధతిలో నేర్చుకోలేని పిల్లలెవరో గుర్తించి వాళ్లకి వేరే తాలీమ్ ఏర్పాటు చేయాలి. అయితే ఆ పిల్లలెవరో ఫైసలా చేసేది ఎవరు? ఉస్తాద్‌కి నచ్చని పిల్లాడు, అల్లరి పిల్లాడు, గరీబు ఇంటి పిల్లాడు, అందరూ కుంద్ జెహన్ ఖాతాలోనే పడిపోయే ప్రమాదం ఉంది. అందుకని 1905లో బినె, థియోడోర్ సిమోన్ అనే డాక్టరుతో కలిసి 30 చిన్న చిన్న పనుల జాబితా తయారుచేశాడు. మొదటివి చాలా సులువు. వెలిగించిన అగ్గిపుల్లని కళ్లతో వెంబడించడం, చాక్లెట్ ముక్కనీ చెక్క ముక్కనీ వేరుగా గుర్తించడం. పోను పోను కష్టం. అంకెలు విని తిరిగి చెప్పడం, రెండు గీతల్లో పొడుగుది చూపించడం, రెండు మాటల అర్థాల్లో తేడా చెప్పడం. 1908లో ఈ పనుల్ని వయసుల వారీగా సర్దారు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆరేళ్ల పిల్లలు చేసే పనుల దాకే చేయగలిగితే అతని మానసిక స్థాయి ఆరేళ్లు అన్నమాట.

బినె నియ్యత్ సాఫ్‌గా ఉంది. ఎవరికి మదద్ కావాలో తెలుసుకోవడం, అంతే. తెలివి పుట్టుకతోనే ఖరారైపోతుందని, ఇక పెరగదని చెప్పేవాళ్ల మీద 1909లో ఒక పుస్తకంలో ఆయన గట్టిగా విరుచుకుపడ్డాడు. వెనకబడ్డ పిల్లల కోసం ధ్యాస నిలిపే ఆటలు, జ్ఞాపకశక్తి పెంచే కసరత్తులు తయారుచేయించాడు. 1911లో, 54 ఏళ్లకే చనిపోయాడు. తన తరాజు తర్వాత ఎవరి చేతుల్లో పడిందో చూడలేదు.

ఒకే ఓడరేవులో ఇద్దరు

జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ 1912లో ఒక చిన్న హిసాబ్ చెప్పాడు. మానసిక వయసుని అసలు వయసుతో భాగించమన్నాడు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ లూయిస్ టెర్మన్ 1916లో దాన్ని నూరుతో హెచ్చవేశాడు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆరేళ్ల పనుల దాకే చేస్తే ఆరుని ఎనిమిదితో భాగించి నూరుతో హెచ్చవేయాలి, 75 వస్తుంది. ఐక్యూ అన్న మాట ఇలా ఇంటింటికీ చేరింది. టెర్మన్ కొలబద్ద తయారైంది ముఖ్యంగా కాలిఫోర్నియాలోని తెల్లజాతి పిల్లల మీద. తర్వాత అదే కొలబద్దని దునియాలోని పిల్లలందరి పక్కనా పెట్టి చూశారు.

టెర్మన్ కంటే ముందే, న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్‌లో హెన్రీ గాడర్డ్ బినె పరీక్షని ఇంగ్లీషులోకి తెచ్చాడు. అక్ల్ రక్తంలో వస్తుందని, మారదని ఆయన నమ్మకం. 1913లో తన మనుషుల్ని న్యూయార్క్ ఓడరేవులోని ఎల్లిస్ ద్వీపానికి పంపాడు. యూరప్ నుంచి ఓడల్లో అడుగు తరగతిలో వచ్చిన గరీబుల్లోంచి కొందరిని ఎంచి, దుబాసీల ద్వారా ప్రశ్నలు అడిగించాడు. రెండు వారాలు సముద్రం మీద ప్రయాణం చేసి, భయంతో, అలసటతో నిలబడ్డ మనుషులు వాళ్లు. కొందరు జిందగీలో కలం పట్టింది లేదు. 1917లో అచ్చయిన నతీజా ఇది. పరీక్షించిన యూదుల్లో 83 శాతం, హంగేరీవాళ్లలో 80 శాతం, ఇటలీవాళ్లలో 79 శాతం, రష్యావాళ్లలో 87 శాతం బుద్ధిమాంద్యులు! లెక్కలోకి వచ్చిన యూదులు మొత్తం 35 మంది. అంతమందిని చూసి ఒక ఖౌమ్ గురించే మాట్లాడేశారు.

అదే ద్వీపంలో, అదే రోజుల్లో, హోవర్డ్ నాక్స్ అనే సర్కారీ డాక్టరు కూడా పనిచేసేవాడు. ఆయనకి అర్థమైంది వేరు. మనిషికి జబాను రాకపోవడం వేరు, అక్ల్ లేకపోవడం వేరు. అందుకని మాటలు అక్కర్లేని పరీక్షలు తయారుచేశాడు. నాలుగు చెక్క దిమ్మెల్ని వరసగా పెట్టి, ఇంకో దిమ్మెతో వాటిని ఒక క్రమంలో తట్టి చూపించేవాడు. ఎదుటి మనిషి అదే క్రమంలో తట్టాలి. చెక్క ముక్కల్ని సరైన గుంటల్లో అమర్చే పలకలు కూడా వాడేవాడు. పొలం పని చేసుకునే రైతుని బడిపిల్లాడి ప్రశ్నలు అడగడం అన్యాయమని ఆయనకి తెలుసు.

తరాజు రూపాన్ని బట్టి కాదు, పట్టిన చేతిని బట్టి ఇన్సాఫ్ ఉంటుందని నేననేది అందుకే. ఖురాన్‌లో ముతఫ్ఫిఫీన్ అనే సూరె పేరే తూకంలో దగా చేసేవాళ్ల మీద ఉంది. హజ్రత్ షుఐబ్ అలైహిస్సలామ్ తన ఖౌమ్‌ని హెచ్చరించింది కొలతలూ తూకాల గురించే. ధాన్యం తూకంలోనే అంత జాగ్రత్త పడాలంటే, మనిషి బిడ్డని తూచేటప్పుడు ఇంకెంత పడాలి?

తరాజు తలవారైనప్పుడు

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. రాబర్ట్ యెర్కిస్ నాయకత్వంలో సుమారు 17 లక్షల మంది సిపాయిలకి పరీక్షలు పెట్టారు. చదువొచ్చినవాళ్లకి ఆల్ఫా, చదువురానివాళ్లకి, ఇంగ్లీషు రానివాళ్లకి బీటా. ఆల్ఫాలో ఒక వంటనూనె బ్రాండు పేరు ఇచ్చి అదేమిటని అడిగారు. ఒక బేస్‌బాల్ ఆటగాడి పేరు ఇచ్చి అతనెవరని అడిగారు. బీటాలో బొమ్మ చూపించి అందులో ఏం లోపించిందో గీయమన్నారు. టెన్నిస్ కోర్టు బొమ్మలో వల లేదు. టెన్నిస్ ఎన్నడూ చూడని ఇటలీ పల్లెటూరివాడు ఏం గీస్తాడు? ఇది అక్ల్ పరీక్ష అయిందా, అమెరికాలో ఎన్నేళ్లున్నావన్న పరీక్ష అయిందా?

ఆ లెక్కలు పట్టుకుని కార్ల్ బ్రిగమ్ 1923లో ఒక పుస్తకం రాశాడు. ఫలానా జాతులు తెలివిలో పైన, ఫలానా జాతులు కింద అని. మరుసటి ఏడు అమెరికా వలసల్ని బిగించే చట్టం తెచ్చింది. ఆ చట్టానికి కారణాలు చాలా ఉన్నాయి, పరీక్షలొక్కటే కాదు. అయినా ముందే ఖరారైన నఫ్రత్‌కి ఈ అంకెలు గవాహీ చెప్పాయి. 1930లో బ్రిగమ్ తన నతీజాలు తప్పని తానే ఒప్పుకున్నాడు. గాడర్డ్ కూడా 1928 నాటికి తన పాత మాటలు చాలావరకు వెనక్కి తీసుకున్నాడు. వాళ్లు గల్తీ ఒప్పుకున్నందుకు ఖుషీయే. కానీ అప్పటికే మూసుకున్న తలుపులు ఆ ఒప్పుకోలుతో తెరుచుకోలేదు.

వర్జీనియా రాష్ట్రంలో కారీ బక్ అనే యువతి ఉండేది. బినె తరహా పరీక్ష పెట్టి, ఈమె మానసిక వయసు తొమ్మిదేళ్లే అన్నారు. ఇలాంటివాళ్లకి ఔలాద్ కలగకుండా ఆపరేషన్ చేయొచ్చని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చేసేశారు. ఆమెకి అంతకుముందే పుట్టిన కూతురిని కూడా పసికందుగా ఉన్నప్పుడే మందబుద్ధి అన్నారు. ఆ పాప తర్వాత బడికెళ్లి, మంచి విద్యార్థుల జాబితాలో పేరు తెచ్చుకుంది. ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. మా ఆపా కొడుకు వయసే.

సరిగ్గా ఎలా తూచాలి

ఇదంతా విని పరీక్షలే హరామ్ అనుకోకండి. తప్పుల్లోంచే పద్ధతి నేర్చుకున్నారు. డేవిడ్ వెక్స్‌లర్ రుమేనియాలో పుట్టి, ఆరేళ్ల వయసులో అమెరికా వచ్చిన యూదు పిల్లాడు. యువకుడిగా సైన్యంలో ఆ పరీక్షలే పెట్టాడు. ఒక్క అంకెలో మనిషిని ఇరికించడం కుదరదని అక్కడే గ్రహించాడు. 1939లో న్యూయార్క్ బెల్‌వ్యూ ఆస్పత్రిలో ఉండగా తన పరీక్ష తెచ్చాడు. మాటలతో చేసేవి ఒక వరస, చేతులతో చేసేవి ఇంకో వరస. 1949లో పిల్లల కోసం వేరే పరీక్ష వచ్చింది. వయసుని వయసుతో భాగించే పాత హిసాబ్ పోయి, తోటివాళ్లతో పోల్చి 100ని నడిమధ్య పెట్టే లెక్క స్థిరపడింది.

ఇలాంటి పరీక్ష ఒక పిల్లాడికి ఒక మనిషే, ఎదురెదురుగా కూర్చుని పెడతారు. మొదట పిల్లాడి బెరుకు పోగొట్టాలి. ఆకలి మీదున్నాడా, నిద్ర చాలలేదా, చెవులూ కళ్లూ సరిగ్గా పనిచేస్తున్నాయా చూసుకోవాలి. సూచనలు పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే చెప్పాలి, ఒక్క మాట ఎక్కువా తక్కువా కాకూడదు. ఒక పిల్లాడికి ఇషారా ఇచ్చి ఇంకొకడికి ఇవ్వకపోతే పోల్చడానికేం మిగలదు. ఎరుపు తెలుపు దిమ్మెలతో నమూనా పేర్చమన్నప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుంటారు. వయసుని బట్టి ఎక్కడ మొదలుపెట్టాలో, వరసగా ఎన్ని తప్పితే ఆపాలో రూల్ ఉంటుంది. జవాబుని పిల్లాడి నోట వచ్చినట్టే రాసుకోవాలి.

మాటల అర్థం అడిగేచోట ఒక్కో జవాబుకి 2, 1, 0 ఉంటాయి. అసలు ప్రశ్నలు బయటికి చెప్పకూడదు కాబట్టి నేనే ఒకటి కల్పిస్తాను. గొడుగు అంటే ఏమిటి? వాన, ఎండ తగలకుండా తల మీద పట్టుకునేది అంటే 2. నల్లగా ఉంటుంది అంటే 0. బయటికెళ్లేటప్పుడు తీసుకెళ్తాం అంటే, ఇంకొంచెం చెప్పు బేటా అని అడగాలి, అలా అడగడానికీ రూల్ ఉంది. మన పిల్లాడు "ఛత్రీ, బారిష్ మే పకడ్తే" అన్నాడనుకోండి. ఉర్దూ తెలిసినవాళ్లకి అది పూర్తి జవాబుకి దగ్గర. తెలియనివాళ్లకి పిల్లాడు ఏమీ చెప్పనట్టే.

అలా వచ్చిన పచ్చి మార్కుల్ని పిల్లాడి వయసు పట్టికలో చూసి, 10 నడిమధ్యగా ఉండే చిన్న అంకెలుగా మారుస్తారు. పుట్టిన తేదీ తప్పు వేస్తే పట్టికే మారిపోతుంది. బడిలో చేర్పించడానికి వయసు మార్చి రాయించే అలవాటు మనలో ఉంది కదా, ఇక్కడ ఆ అబద్ధం పిల్లాడి మీదికే వస్తుంది. చివరికి వచ్చే మొత్తం అంకె కూడా ఒక్క చుక్క కాదు, ఒక గీత. 68 అంటే అటు అయిదూ ఇటు అయిదూ ఉండొచ్చు. మంచి రిపోర్టులో ఆ గీత రెండు కొసలూ రాస్తారు.

మన దేశంలో

మన దేశంలో తొలి పెద్ద ప్రయత్నం జరిగింది మన జబానులోనే. లాహోర్‌లో పనిచేసిన అమెరికన్ విద్యావేత్త సి. హెర్బర్ట్ రైస్ బినె పరీక్షని పంజాబ్ పిల్లల కోసం మలిచాడు. 1929లో దాన్ని హిందుస్తానీ స్కేల్ పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ధార్వాడలో వి.వి. కామత్ 1934లో కన్నడ, మరాఠీ పిల్లల కోసం తయారుచేసిన పరీక్ష బినె-కామత్ పేరుతో ఇప్పటికీ వినిపిస్తుంది. 1955లో సి.ఎం. భాటియా, బడి ముఖం చూడని పిల్లలకి కూడా పనికొచ్చేలా చేతులతో చేసే అయిదు పరీక్షలు కూర్చాడు. అయితే ఆ కొలబద్ద తయారైంది మగపిల్లల మీద. నాగపూర్‌లో ఎ.జె. మాలిన్ 1969లో వెక్స్‌లర్ పిల్లల పరీక్షని ఇక్కడికి తగ్గట్టు మార్చాడు.

వీళ్ల మెహనత్‌కి సలామ్. కానీ కొలబద్ద కూడా ముసలిదవుతుంది. తరం మారేకొద్దీ పిల్లలు ఈ పరీక్షల్లో మెరుగవుతున్నారని, అమెరికాలో పదేళ్లకి సుమారు 3 పాయింట్లు పెరుగుతున్నాయని జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించాడు. అంటే పాత పట్టికలతో కొలిస్తే ఇవాళ్టి పిల్లాడి అంకె ఉన్నదాని కంటే పెద్దగా కనబడే వీలుంది. నిజంగా మదద్ కావాల్సిన పిల్లాడు హద్దు దాటినట్టు కనబడి, హక్ పోగొట్టుకుంటాడు. తక్కువ తూచడం ఎంత జుల్మో, ఎక్కువ తూచడమూ అంతే.

జబాను సంగతికొస్తే, 1970లో కాలిఫోర్నియాలో డయానా కేసు అని ఒకటి నడిచింది. ఇంట్లో స్పానిష్ మాట్లాడే తొమ్మిదిమంది మెక్సికన్ పిల్లల్ని ఇంగ్లీషు పరీక్షతో మందబుద్ధి క్లాసుల్లో కూర్చోబెట్టారు. స్పానిష్‌లో మళ్లీ పరీక్షిస్తే వాళ్లలో ఎక్కువమంది హద్దు దాటారు. పిల్లల్ని ఇంటి జబానులో పరీక్షించాలని అక్కడి విద్యాశాఖ ఒప్పుకుంది. మన గల్లీల్లో ఉర్దూ ఇళ్లున్నాయి, నూర్‌బాషాల్లో తెలుగు తప్ప వేరే జబాను ఎరగని ఇళ్లూ ఉన్నాయి. ముస్లిం పేరు చూసి ఉర్దూలో అడిగేయడం కూడా గల్తీయే. ఇంట్లో ఏం మాట్లాడతారో అమ్మీనే అడగాలి.

మళ్లీ ఆపా దగ్గరికి

ఆపాకి మూడు మాటలు చెప్పాను. పరీక్ష పేరేమిటో, ఏ సంవత్సరం పట్టికలతో లెక్కగట్టారో అడుగు. మాటల వరసలో ఎంత వచ్చిందో, చేతుల వరసలో ఎంత వచ్చిందో విడివిడిగా చెప్పమను. ఉర్దూ తెలిసిన సైకాలజిస్టు దగ్గర మళ్లీ చేయించు, కానీ వెంటనే కాదు, అవే పనులు గుర్తుండిపోతే ఆ తూకమూ తప్పుతుంది. ఎన్నాళ్లు ఆగాలో వాళ్లే చెప్తారు. ఈ లోపు చెవులు, కళ్లు చూపించు.

ఇంకో సంగతి కూడా. ఒక్క ఐక్యూ అంకెతో ఏ పిల్లాడికీ బుద్ధిమాంద్యం అని పేరు పెట్టకూడదు. తన పనులు తాను చేసుకుంటాడా, నలుగురితో మెలుగుతాడా, దుకాణానికెళ్లి సామాను తెస్తాడా, ఇవి కూడా చూడాలి. వీటిని కొలిచే వైన్‌లాండ్ స్కేల్ అని ఒకటుంది. ఒకప్పుడు గాడర్డ్ పనిచేసిన ఆ వైన్‌లాండ్‌లోనే, ఆయన తర్వాతి తరం ఎడ్గర్ డాల్ 1935లో తయారుచేశాడు. చెడు మొలిచిన చోటే మంచి కూడా మొలుస్తుంది. మన సికింద్రాబాద్‌లో 1984 నుంచి ఈ పిల్లల కోసమే ఒక జాతీయ సంస్థ ఉంది. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చదువులో, పథకాల్లో హక్కులున్నాయి.

ఆపా అంతా విని, "మళ్లీ చేయించినా అదే అంకె వస్తే?" అంది.

వస్తే వస్తుంది ఆపా. అప్పుడు అది శిక్ష కాదు, దారి చూపే కాగితం. బినె మొదట అడిగింది ఆ ఒక్క సవాలే, ఈ పిల్లాడికి ఏం మదద్ కావాలి అని. ఔలాద్ మనకి అమానత్. ఏ అంకెతో వచ్చినా అమానతే. రోజే మహ్‌షర్‌లో మీజాన్ నిలబెట్టేది అల్లాహ్. అక్కడ తూచేది అమల్‌ని, ఐక్యూని కాదు.

వాడు ఆ సమయానికి మా వాకిట్లో మా చిన్నదానితో కంచెలాడుతున్నాడు. ఎవరి గోలీలు ఎన్నో లెక్క తప్పకుండా చెప్తున్నాడు, ఉర్దూలో.